వేరుశనగ నూనెపై ఆశ పెట్టుకున్న డీజిల్

ముదలియార్‌పేట (పుదుచ్చేరి): పట్టణం నుంచి కడలూరు వెళ్లే రహదారిపై ముదలియార్‌పేట మీదుగా పగలనక రాత్రనక బస్సులు, లారీలు సాగిపోతూనే ఉంటాయి. వాటి ట్యాంకులలో నింపే ఇంధనాన్ని క్లీనరు మొదలు కేంద్ర మంత్రి వరకు అందరూ డీజిల్ అనే పిలుస్తారు. అది ఒక మనిషి ఇంటిపేరు అన్న సంగతి పలికేవారిలో ఎందరికి స్ఫురిస్తుందో చెప్పడం కష్టం. ఇంగ్లీషులోనైతే పెద్ద అక్షరమో చిన్న అక్షరమో చూసి మనిషిని, ఇంధనాన్ని వేరు చేయవచ్చు. తెలుగు లిపిలో ఆ సదుపాయం కూడా లేదు.

ఇదే పేటలో 1898లో స్థాపితమైన బట్టల మిల్లు ఒకటి ఉంది. దస్త్రాలలో దాని పేరు ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్. జనం నోట రోడియర్ మిల్లు. 122 సంవత్సరాల తరువాత 2020లో అది మూతపడింది. ఆ మిల్లు పుట్టిన ఏడాదే జర్మనీలో కెంప్టెన్ అనే పట్టణంలోని అగ్గిపెట్టెల కర్మాగారంలో, ధర చెల్లించి కొన్న తొలి డీజిల్ ఇంజను పనికి కుదురుకున్నది. ఈ రెండు ఘటనలకూ పరస్పర సంబంధమేమీ లేదు. అయితే ముదలియార్‌పేట అప్పట్లో ఫ్రెంచి ఏలుబడిలోని ప్రాంతం. 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సెయ్ నగరపు నూనె మిల్లులకు, సబ్బుల కర్మాగారాలకు వేరుశనగ భారీగా ఎగుమతి అయ్యేది. వలస రాజ్యాలలో విరివిగా పండే ఈ పంటను యంత్రాలకు ఇంధనంగా వాడవచ్చునా అన్న ఆలోచన ఫ్రెంచి ప్రభుత్వానికి కలిగింది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ ప్రభుత్వం కోరికపైనే ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. వంట నూనెతో ఇంజను నడపడమన్నది ఈనాటి ఆలోచన కాదనడానికి అదే నిదర్శనం.

కాగా, ఆ ఇంజనుకు పేరిచ్చిన వ్యక్తి జీవితం ఆయన యంత్రమంత నిలకడగా సాగలేదు.

పారిస్ పిల్లవాడు

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించారు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడర్ ఆగ్స్‌బర్గ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన పుస్తకాల బైండరు; పారిస్‌లో తోలు సామాను తయారుచేసి అమ్ముకునేవాడు. ముగ్గురు పిల్లలలో రుడాల్ఫ్ రెండవవాడు. తయారైన సరకును తోపుడు బండిలో పెట్టుకుని ఖాతాదారులకు చేరవేసే పని చిన్ననాటనే అతని పాలబడింది.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం మొదలైంది. శత్రుదేశస్థులైన జర్మన్లు పారిస్ విడిచి వెళ్లవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ బతుకు బరువై, పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపించారు. ఆ ఇంటి యజమాని క్రిస్టాఫ్ బార్నికెల్ స్థానిక వృత్తి విద్యాలయంలో గణితం బోధించే ఉపాధ్యాయుడు. పారిస్‌లో జర్మన్‌గా, జర్మనీలో పారిస్ పిల్లవాడుగా పరిగణన పొందిన ఆ బాలుడు చదువును ఆశ్రయించాడు. పద్నాలుగేళ్లకే తాను ఇంజనీరు కాదలచుకున్నట్లు తల్లిదండ్రులకు లేఖ రాశాడు. వారికి మాత్రం కొడుకు త్వరగా నాలుగు రాళ్లు సంపాదించడం అవసరం. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చదువుకునేందుకు ఉపకార వేతనం లభించడంతో వారి మాటను కాదని అతడు అక్కడ చేరాడు.

మ్యూనిక్‌లో ఆయనకు పాఠం చెప్పినవారిలో కార్ల్ ఫాన్ లిండే ముఖ్యుడు. శీతలీకరణ యంత్రాల రూపకర్తగా లిండే పేరు నేటికీ పరిశ్రమలలో వినిపిస్తున్నది. ఆవిరి యంత్రంలో బొగ్గు ఇచ్చే వేడిలో నూటికి ఆరు నుంచి పది పాళ్లు మాత్రమే పనిగా మారుతుందని, మిగిలినదంతా వృథా అవుతుందని ఆయన తరగతిలో వివరించారు. ఈ మాట యువకుడైన రుడాల్ఫ్ మనసులో నాటుకున్నది. మిగిలిన తొంభై పాళ్లను దక్కించుకునే మార్గం వెదకాలని నోటుపుస్తకం అంచున రాసుకున్నట్లు ఆయనే తరువాతి కాలంలో వెల్లడించారు.

1879లో టైఫాయిడ్ సోకి పరీక్షకు హాజరు కాలేకపోయారు. ఆ వ్యవధిలో స్విట్జర్లాండులోని సుల్జర్ సోదరుల కర్మాగారంలో పనిచేసి, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో పట్టా పొందారు. వెంటనే లిండే కంపెనీ తరఫున పారిస్‌లో మంచు కర్మాగార నిర్మాణానికి వెళ్లారు. 1883లో మార్తా ఫ్లాషెతో వివాహమైంది. వారికి ముగ్గురు సంతానం. జీతానికి మంచు యంత్రాలు, సొంత తృప్తికి ఇంజను - ఈ విధంగా పదేళ్లు గడిచాయి. ఆవిరికి బదులు అమ్మోనియాను వాడి ఒక యంత్రాన్ని నిర్మించబోగా అది పేలిపోయి ప్రాణం మీదకు వచ్చింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. కంటిచూపు, ఆరోగ్యం అప్పటి నుంచే దెబ్బతిన్నాయి.

నిప్పురవ్వ అక్కరలేని యంత్రం

సైకిలు పంపుతో గట్టిగా గాలి కొట్టినప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. గాలిని ఎంత కుదిస్తే అంతగా వేడెక్కుతుంది. సిలిండరులోని గాలిని విపరీతంగా కుదించి, ఆ వేడిలోకి ఇంధనాన్ని చల్లితే దానంతటదే అంటుకుంటుంది, నిప్పురవ్వతో పనిలేదు. రుడాల్ఫ్ ఆలోచన సారాంశం ఇదే. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1893 ఫిబ్రవరిలో మంజూరైంది. అదే ఏడాది సిద్ధాంత గ్రంథం కూడా వెలువడింది.

ఆ గ్రంథంలో ఆర్థిక ప్రయోజనం కూడా చర్చకు వచ్చింది. ఆనాడు ఆవిరి యంత్రం పెట్టుకోగలిగినవాడు పెద్ద మిల్లు యజమాని ఒక్కడే. బాయిలరు, పొగగొట్టం, బొగ్గు గుట్ట - ఇవన్నీ చేతివృత్తులవారికి అందనివి. చిన్న గదిలో ఇమిడే చవక యంత్రం దొరికితే నేతపనివారు, వడ్రంగులు, కమ్మరులు మిల్లులకు దీటుగా నిలబడగలరని రుడాల్ఫ్ ఆశించారు. ఈ ఆశ నెరవేరిన తీరు తరువాత చూడవచ్చు.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం అధిపతి హైన్రిక్ ఫాన్ బుజ్, ఉక్కు వ్యాపారి క్రుప్ పెట్టుబడి పెట్టడానికి ముందుకు వచ్చారు. 1893 ఆగస్టు 10న తొలి పరీక్ష జరిగింది. సిలిండరులోకి పెట్రోలు జాతి ఇంధనాన్ని పంపగానే అది అంటుకున్నది. పీడనాన్ని కొలిచే పరికరం పేలి ముక్కలైంది. రుడాల్ఫ్ తృటిలో తప్పించుకున్నారు. యంత్రం తన బలంతో తాను తిరగలేదు. అయినా కుదించిన గాలి వేడికే ఇంధనం మండుతుందన్న సూత్రం రుజువైంది.

ఈ తేదీకి మన దేశంలో ఒక ప్రత్యేకత ఉన్నది. ఏటా ఆగస్టు 10ని జీవ ఇంధన దినోత్సవంగా జరుపుకుంటారు. 1893లో ఆనాడు రుడాల్ఫ్ వేరుశనగ నూనెతో ఇంజను నడిపారని సభలలో వక్తలు, ప్రకటనలలో అధికారులు చెబుతూ వస్తున్నారు. వాస్తవం అది కాదు. ఆనాటి పరీక్షలో వేరుశనగ నూనె ఊసే లేదు. మొదట్లో ఆయన దృష్టి బొగ్గు పొడిపైన, ఆ తరువాత కిరోసిను వంటి ఖనిజ తైలాలపైన నిలిచింది. వేరుశనగ నూనె కథ ఏడేళ్ల తరువాతిది. దానికి చొరవ చూపినది సైతం ఆయన కాదు. పండుగకు ఏదో ఒక తేదీ కావాలి కాబట్టి ఉండనివ్వవచ్చుగాని, పాఠ్యపుస్తకాల దాకా ఈ పొరపాటు పాకడం సమంజసం కాదు.

1894 ఫిబ్రవరి 17న రెండవ నమూనా దాదాపు ఒక నిమిషం పాటు, 88 చుట్లు, సొంత బలంతో తిరిగింది. మరి మూడేళ్ల శ్రమ తరువాత 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ప్రొఫెసరు మొరిట్జ్ ష్రోటర్ అధికారికంగా పరీక్షించగా 26.2 శాతం సామర్థ్యం నమోదైంది. అప్పటి మేలైన ఆవిరి యంత్రాల కంటే ఇది రెట్టింపునకు మించినది. ఇంజనీర్ల లోకం నివ్వెరపోయింది. అమెరికా హక్కులను బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొనుక్కున్నారు. తోపుడు బండి నెట్టిన పిల్లవాడు నలభయ్యో ఏట లక్షాధికారి అయ్యారు.

ఎవరూ గమనించని నూనె

1900 నాటి పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనుకు అత్యున్నత బహుమతి లభించింది. అదే ప్రదర్శనలో ఫ్రాన్సులోని ఒటో కంపెనీ ఒక చిన్న ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపింది. ఖనిజ తైలానికని తయారైన ఇంజనులో ఏ మార్పూ చేయకుండానే ఇది సాధ్యపడింది. యంత్రం ఎంత సాఫీగా నడిచిందంటే దానిలో మండుతున్నది వంట నూనె అని బహు కొద్దిమందే గుర్తించారని రుడాల్ఫ్ తరువాత తన ప్రసంగాలలో గుర్తుచేసుకున్నారు. ఫ్రెంచి ప్రభుత్వం ప్రధానంగా తన ఆఫ్రికా వలసలను దృష్టిలో ఉంచుకున్నది. బొగ్గుగాని, పెట్రోలియంగాని దూరం నుంచి తెప్పించుకోకుండా అక్కడి పొలాలలో పండిన దానితోనే అక్కడి యంత్రాలు నడవాలన్నది ఉద్దేశం. వేరుశనగ ఎగుమతి చేస్తూ వచ్చిన పుదుచ్చేరికి కూడా అదే తర్కం వర్తించేదే. కాని ఈ తీరాన ఆ ప్రయత్నం జరిగిన దాఖలా లేదు. ఓడ ఎక్కిన పంట ఓడ ఎక్కుతూనే ఉన్నది.

ఫలితాన్ని చూసిన రుడాల్ఫ్ స్వయంగా పరీక్షలు జరిపి ఆ ఆలోచనను సమర్థించారు. 1912లో ఇచ్చిన ప్రసంగాలలో దీనిని మరింత విస్తరించారు. వృక్ష తైలాల వినియోగం ప్రస్తుతానికి స్వల్పంగా కనిపించినా, కాలక్రమంలో పెట్రోలియం, బొగ్గు తారు ఉత్పత్తులంతటి ప్రాముఖ్యం పొందవచ్చునని అంచనా వేశారు. భూమిలోని నిల్వలు అడుగంటినా వ్యవసాయం ద్వారా అందే సూర్యుని వేడితో యంత్రాలు నడుస్తాయని ఆయన నమ్మకం. పర్యావరణ కాలుష్యం అన్న మాట వినిపించని రోజులవి. ఇంధనం ఎవరి చేతిలో ఉంటుంది, దాని లాభం ఎవరికి చేరుతుంది అన్నదే ఆయన ప్రశ్న.

అప్పటికే ఆయన సొంత వ్యవహారాలు అస్తవ్యస్తమయ్యాయి. తొలి ఏళ్లలో అమ్మిన ఇంజనులు తరచు మొరాయించడంతో కొనుగోలుదారులు తిప్పి పంపారు. పేటెంటు తగాదాలు ఒకవైపు, ఆవిష్కరణ ఘనత ఆయనది కాదన్న విమర్శలు మరోవైపు నిద్రకు దూరం చేశాయి. నరాల బలహీనతతో చికిత్సాలయంలో చేరవలసి వచ్చింది. మ్యూనిక్‌లో కట్టుకున్న భవంతి మితిమీరిన వ్యయానికి కారణమైంది. భూముల వ్యాపారంలో, చమురు బావులలో పెట్టిన సొమ్ము చేతికి రాలేదు. యంత్రంలో వృథా అయ్యే వేడిని లెక్కగట్టిన మేధావి తన ఖజానాలో కారిపోతున్న దానిని లెక్కగట్టలేకపోయారు.

ఇన్ని చిక్కుల మధ్యనే 1903లో ఆయన సాంఘిక విషయాలపై ఒక పుస్తకం ప్రచురించారు. కార్మికులు రోజుకు కొద్దిపాటి చిల్లర కూడబెట్టి ఉమ్మడి నిధి ఏర్పరచుకోవాలని, దానితో తామే యజమానులుగా కర్మాగారాలు నెలకొల్పుకోవాలని అందులో ప్రతిపాదించారు. అటువంటి సంఘాలకు తేనెపట్టుల పేరు పెట్టారు. ఇంజనుకన్నా ఇదే తన ముఖ్య ఆవిష్కరణ అని ఆయన భావించినట్లు కుటుంబ సభ్యులు చెప్పారు. పుస్తకం మాత్రం అమ్ముడుపోలేదు.

ఇంజను మాత్రం ఎదుగుతూ పోయింది. 1903లో రష్యాలో ఒక నదీ నౌకను డీజిల్ నడిపింది. 1912లో డెన్మార్కు నౌక సెలాండియా డీజిల్ ఇంజనులతో కోపెన్‌హాగెన్ నుంచి బాంగ్‌కాక్ దాకా ప్రయాణించి చరిత్ర సృష్టించింది. జలాంతర్గాములలో కూడా అదే ఇంజను చోటు చేసుకున్నది. చేతివృత్తుల వారి కోసం తలపెట్టిన యంత్రం విద్యుత్ కంపెనీలకు, నౌకా సంస్థలకు, సైన్యాలకు పెద్ద బలమైంది.

ఓడపై ఖాళీ గది

1913 సెప్టెంబరు 29 సాయంత్రం రుడాల్ఫ్ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కారు. ఇంగ్లండులో తన ఇంజనులు తయారుచేసే కంపెనీ సమావేశానికి ఆయన హాజరు కావలసి ఉన్నది. సహచరులతో కలిసి భోజనం చేశారు. రాత్రి పది గంటల ప్రాంతంలో తెల్లవారుజామున ఆరుంబావుకు లేపవలసిందిగా చెప్పి గదికి వెళ్లారు. ఉదయం చూస్తే గది ఖాళీ. పక్క నలగలేదు, గడియారం పడకపై నుంచి కనబడేలా పెట్టి ఉన్నది. ఓడ వెనుక భాగంలో కమ్మీల వద్ద ఆయన టోపీ, మడత పెట్టిన కోటు కనిపించాయి.

పది రోజుల తరువాత ఒక డచ్చి పడవ సిబ్బందికి సముద్రంలో మృతదేహం తారసపడింది. గుర్తుపట్టరాని స్థితిలో ఉన్న దేహాన్ని పడవలోకి చేర్చక, జేబులోని మాత్రల డబ్బా, పర్సు, చాకు, కళ్లజోడు పెట్టె తీసుకుని తిరిగి నీటికే వదిలివేశారు. ఆ వస్తువులను ఆయన కుమారుడు తండ్రివిగా గుర్తించాడు. దినచర్య పుస్తకంలో సెప్టెంబరు 29వ తేదీ వద్ద చిన్న శిలువ గుర్తు గీసి ఉన్నది. ప్రయాణానికి ముందు భార్యకు ఒక సంచి ఇచ్చి వారం దాకా తెరవవద్దన్నారు. అందులో 20,000 మార్కులు, తమ ఖాతాలు ఖాళీ అయినట్లు తెలిపే కాగితాలు ఉన్నాయి.

హత్య జరిగిందని, జర్మనీ గూఢచారుల పని అని, చమురు వ్యాపారుల కుట్ర అని కథలు పుట్టాయి. ఇంగ్లండు సైన్యానికి జలాంతర్గామి రహస్యాలు అందిస్తారన్న భయం ఒకరికి, వంట నూనెతో చమురు వ్యాపారం దెబ్బతింటుందన్న కడుపుమంట మరొకరికి ఉన్నదని ఆ కథల సారం. రుజువు ఒక్కదానికీ లేదు. అప్పుల వివరాలు బయటపడిన తరువాత ఆత్మహత్యే అని అత్యధికులు నిర్ధారణకు వచ్చారు. అప్పటికి ఆయన వయసు 55.

ఇంధనానికి తగిన ఇంజను

రుడాల్ఫ్ నాటి ఇంజను భారీ యంత్రం. కుదించిన గాలి ధాటితో చిక్కని నూనెను సైతం సిలిండరులోకి తుంపరగా చల్లగలిగేది. లారీలో ఇమిడేంత చిన్నది కావాలంటే ఆ గాలి సరంజామా తొలగించక తప్పలేదు. 1920 దశకంలో సన్నని రంధ్రాల నుంచి ఇంధనాన్ని నేరుగా చిమ్మే పంపులు వచ్చాయి. పలుచని పెట్రోలియం నూనె వాటికి సరిగ్గా సరిపోయింది. చవకగా దొరికింది కూడా. అప్పటి నుంచి ఇంజను రూపకల్పన అంతా ఆ ఇంధనం చుట్టూనే సాగింది. పెట్రోలియం నుంచి వచ్చే ఆ నూనెకే డీజిల్ అన్న పేరు స్థిరపడిపోవడం విధి విలాసం.

వృక్ష తైలం డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కన. నేటి ఇంజనులో యథాతథంగా పోస్తే రంధ్రాల వద్ద మసి పేరుకుని కొద్దికాలంలోనే మూలపడుతుంది. దీనికి విరుగుడు 1937లో బెల్జియంలో దొరికింది. బ్రసెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్, పామాయిల్‌ను ఆల్కహాలుతో చర్య జరిపి గ్లిజరిన్ వేరుచేసి పలుచని ఇంధనంగా మార్చే పద్ధతికి పేటెంటు పొందారు. మరుసటి ఏడాది దానితో ఒక బస్సు నడిచింది. నేడు బయోడీజిల్ అంటున్నది ఇదే.

దీని బలం దీనిలోని ఆక్సిజన్. బరువులో దాదాపు 11 శాతం అదే కాబట్టి ఇంధనం మరింత పూర్తిగా మండుతుంది; పొగ తగ్గుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో జరిపిన విశ్లేషణ ప్రకారం డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపితే మసి కణాలు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, మండని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం రెండు శాతం పెరిగాయి. ఈ పెరుగుదలే ఇంజనీర్లకు తలనొప్పి. పైగా లీటరుకు వచ్చే శక్తి డీజిల్ కంటే కొంత తక్కువ.

ఈ లోటును పూడ్చేందుకు రెండు దశాబ్దాలుగా ప్రయోగశాలలు అతి సూక్ష్మ లోహ ఆక్సైడ్ల వైపు చూస్తున్నాయి. సీరియం ఆక్సైడ్ వంటి పదార్థాన్ని వెంట్రుక మందంలో వేల వంతు కణాలుగా చేసి పది లక్షల పాళ్ల ఇంధనంలో కొన్ని పదుల పాళ్లు కలుపుతారు. అవసరమైనచోట ఆ కణం ఆక్సిజన్‌ను ఇచ్చి మసిని మండిస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను తిరిగి లాక్కుంటుంది. ఇచ్చిపుచ్చుకునే ఈ గుణమే దాని విలువ. కాలికట్ ఎన్ఐటీ పరిశోధకులు బయోడీజిల్‌లో 20 నుంచి 80 పాళ్ల వరకు సీరియం ఆక్సైడ్ కలిపి జరిపిన పరీక్షల ఫలితాలు 2010లో వెలువడ్డాయి. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు రెండూ తగ్గినట్లు వారు కనుగొన్నారు. తిరుచిరాపల్లి ఎన్ఐటీలో అల్యూమినాతోను ఇటువంటి ప్రయోగాలు జరిగాయి. ఇంగ్లండులో ఒక బస్సు సంస్థ సీరియం మందును తన వాహనాలలో వాడింది కూడా.

అయితే ప్రయోగశాల బల్లపై ఉన్న ఒంటి సిలిండరు ఇంజను వేరు, బరువు మోస్తూ వేల కిలోమీటర్లు తిరిగే లారీ వేరు. కణాలు నిలవ ఉంచిన ఇంధనంలో అడుగుకు దిగిపోతాయి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల వాహనాలకు పొగగొట్టంలో వడపోత ఉంటుంది. లోహపు బూడిద దానిలో పేరుకుపోతుంది. వడపోత లేని పాత వాహనాలలోనైతే ఆ లోహం గాలిలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులలోకి చేరుతుంది. పొగ తగ్గించే మందు తానే కొత్త కాలుష్యం కాదని తేలేదాకా దీనిని పెట్రోలు బంకులకు తేవడం తొందరపాటే అవుతుంది.

పొలానికి దక్కినదెంత

దేశంలో 2002 డిసెంబరు 31న ఢిల్లీ నుంచి అమృతసర్ వెళ్లిన శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను ఐదు శాతం బయోడీజిల్ మిశ్రమంతో నడిపి చూశారు. మరుసటి ఏడాది ప్రణాళికా సంఘం జట్రోఫా తోటలపై భారీ ఆశలు రేపింది. 2011-12 నాటికి 20 శాతం మిశ్రమం అన్నారు. 2009లో ఆ గడువును 2017కు జరిపారు. 2018 విధానంలో 2030 నాటికి ఐదు శాతం చాలునని సరిపెట్టుకున్నారు. బీడు భూమిలో నీరు లేకుండా కాయలు విరగకాస్తాయని నమ్మి జట్రోఫా నాటిన రైతులకు నిరాశే మిగిలింది.

వేరుశనగ నూనె సంగతి చెప్పనక్కరలేదు. దాని లీటరు ధర డీజిల్ ధరను ఎప్పుడో మించిపోయింది. తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్న దేశంలో దానిని లారీలకు పోయడం ఎవరూ సమర్థించరు. పుదుచ్చేరి ప్రాంతంలోనే భాగమైన యానాం పక్కన, కాకినాడలో పెద్ద బయోడీజిల్ కర్మాగారాలు వెలిశాయి. అవి సైతం పామాయిల్ ఉత్పత్తుల వంటి ముడిసరకుపై ఆధారపడవలసి వచ్చింది. పదేపదే కాచిన వంట నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకాన్ని ఆహార భద్రతా సంస్థ 2018లో ప్రారంభించడం కొంత మేలు.

రుడాల్ఫ్ ఆశకు దగ్గరగా వచ్చిన ఉదాహరణ అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ. గోండు మహిళల పొదుపు సంఘాలు అక్కడ కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీశాయి. పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్‌కు బదులుగా వాడకంలోకి వస్తుందన్న లెక్కపై 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు కొనుగోలు చేసింది. సంఘాలకు 645 డాలర్లు ముట్టాయి. చిన్న మొత్తమే, అయినా నూనె, గానుగ, సొమ్ము మూడూ ఆ మహిళల చేతిలోనే ఉన్నాయి. చిల్లర కూడబెట్టి యజమానులు కావడమన్న ఆ పాత పుస్తకం పేరు సైతం వారు విని ఉండరు.

ఇక చిన్న యంత్రం మాట. తెలుగు పల్లెలలో బావి గట్టున నీరు తోడిన డీజిల్ ఇంజనును రైతులు ఆయిల్ ఇంజను అన్నారు. కరెంటు మోటార్లు వచ్చేదాకా ఎన్నో ఎకరాలను తడిపింది అదే. రైతులకు, జాలరులకు పనికివచ్చే చిన్న డీజిల్ ఇంజనును 1933లో జపానులో యమఒకా మగోకిచి రూపొందించారు. ఆయన స్థాపించిన కంపెనీయే యన్మార్. రుడాల్ఫ్‌కు సమాధి లేదు. ఆగ్స్‌బర్గ్‌లోని ఉద్యానవనంలో 1957లో వెలసిన స్మారక శిలలు ఆ జపాను ఇంజనీరు బహూకరించినవి.